పెంచలేని చేపను కాలువలో వదలకండి

సంపాదకులకు నమస్కారం.

మొన్న ఆదివారం పొద్దున్నే కర్నూలులో కేసీ (కర్నూలు-కడప) కాలువ వంతెన మీదుగా వస్తుంటే ఒక తండ్రి, ఇద్దరు పిల్లలు పిట్టగోడ దగ్గర నిలబడి కనిపించారు. పెద్ద పాప చేతిలో నీళ్లు నింపిన పాలిథిన్ సంచి. అందులో జానెడు పొడవున్న నల్లటి చేప, ఒళ్లంతా చుక్కలు. అది సక్కర్ చేప అని దూరం నుంచే గుర్తుపట్టి సైకిలు ఆపాను. "ఇంట్లో తొట్టి సరిపోవడం లేదండీ. చంపడానికి మనసు రాలేదు. ఇక్కడైతే హాయిగా బతుకుతుందని తెచ్చాం" అని ఆ తండ్రి చెప్పారు. ఆయన మంచి మనసుతోనే వచ్చారు, అందులో నాకు అనుమానం లేదు. ఎందుకంటే 2012లో అదే వంతెన మీద నిలబడి, సరిగ్గా అలాగే అనుకుంటూ, అదే జాతి చేపను నేనూ నీళ్లలోకి వదిలాను.

వాళ్లను బతిమాలి ఆ సంచి ఇంటికి తెచ్చుకున్నాను. పాపకు బదులుగా రెండు గప్పీ చేపలు ఇస్తానని మాటిచ్చాను, ఇచ్చాను కూడా. కానీ నేను ఆ దారిన రాని ఆదివారాల మాటేమిటి? అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను పాతబస్తీలో గడియారాలు బాగుచేస్తాను. 1994లో ఒక మిత్రుడు ఇచ్చిన రెండు జతల గప్పీలతో ఇంట్లో రంగుచేపల పెంపకం మొదలుపెట్టాను. తర్వాత మోలీలు, ఏంజెళ్లు, ఫైటర్లు వచ్చి చేరాయి. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ రెండూ ఊరి మీద పడ్డప్పుడు కింది గదిలో ఉన్న పదకొండు తొట్లూ పోయాయి. బురద ఎత్తిపోసుకుని, ఏడాది తర్వాత మేడ మీద మళ్లీ పెట్టుకున్నాను. వరద తీసుకుపోయిన చేపల గురించి నేను చేయగలిగింది ఏమీ లేదు. చేతులారా వదిలిన ఆ ఒక్క చేపకు మాత్రం జవాబు నేనే చెప్పాలి.

దాన్ని దుకాణాల్లో సక్కర్ అంటారు. రెండంగుళాల పిల్లగా ఉన్నప్పుడు అమ్ముతారు. "అద్దానికి పట్టిన నాచునూ, మిగతా చేపలు వేసే మలాన్నీ ఇదే తినేస్తుంది, ఇక మీరు తొట్టి కడిగే పని ఉండదు" అని చెప్పి అమ్ముతారు. నాచు తినడం కొంతవరకు నిజమే, అదీ చిన్నప్పుడు. మలం తింటుందనడం శుద్ధ అబద్ధం. అసలు తొట్టిలో అందరికంటే ఎక్కువ మలం వేసేదే అది. పొద్దున లేచి చూస్తే దారపు ఉండలు విప్పి పారేసినట్టుంటుంది. నా దగ్గరున్నది మూడో ఏటికి అడుగు దాటింది. అది అడుగున్నర దాకా పెరిగే జాతి. రెండడుగుల తొట్టిలో అది ఒక్కసారి వెనక్కి తిరిగితే నాటిన మొక్కలన్నీ లేచి పైకి తేలేవి. బతికున్న ప్రాణిని నీళ్లలో వదిలితే పుణ్యమని మా అమ్మ చెప్పేది. ఆ మాట పట్టుకుని కాలువ దగ్గరికి వెళ్లాను. వదిలాక ఇంటికొచ్చి ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

ఏడేళ్లు గడిచాయి. 2019 వేసవిలో, తుంగభద్ర మీద సుంకేసుల వైపు వలలు వేసుకునే ఒకాయన నీళ్లు దిగి ఆగిపోయిన చేతి గడియారం తెచ్చారు. వెనక మూత తీసి ఆరబెడుతూ మాటల్లో పడ్డాం. దుకాణంలో ఓ మూల నేను పెట్టుకున్న చిన్న తొట్టి చూసి ఆయన ముఖం మారింది. "అన్నా, మీ రంగుచేపలవాళ్లు వదిలిన దెయ్యం చేప మా వలలు తినేస్తోంది. ఎప్పుడైనా వచ్చి చూడండి" అన్నారు. మరుసటి ఆదివారం వెళ్లాను.

ఒడ్డున పరచిన వలలో మూడు చిక్కుకుని ఉన్నాయి. ఆ చేపకు మన శీలావతికో బొచ్చెకో ఉన్నట్టు పొలుసులు ఉండవు. తల నుంచి తోక దాకా ఎముక పలకలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుంటాయి, గోరుతో కొడితే టక్కుమని శబ్దం వస్తుంది. వీపు మీదా, రెండు పక్కలా రెక్కలకు మేకుల్లాంటి ముళ్లు. బెదిరితే ఆ ముళ్లను బిగబట్టి అలాగే నిలబెడుతుంది. వలలోంచి లాగితే రాదు. "ఒక్క దాన్ని విడిపించాలంటే పది వలకళ్లు కోయాలి. కోసినదాన్ని మళ్లీ అల్లుకోవడానికి ఒక పూట పోతుంది. పోనీ అమ్ముదామా అంటే దీన్ని కొనేవాళ్లు లేరు" అని ఆయన కత్తితో నైలాను దారం తెంపుతూ చెప్పారు. నేను వెళ్లేసరికే వాటిని తీసి చాలాసేపయింది, ఎండ మండిపోతోంది. అయినా మూడూ నోళ్లు తెరిచి మూస్తూనే ఉన్నాయి. పొట్టలోకి గాలి మింగి బతకగలదు ఆ జాతి, తడి ఉంటే గంటల తరబడి బయట ఉంటుంది. ఇన్నేళ్లు చేపలతో గడిపినవాణ్ని, ఒక చేపను చూసి భయపడడం అదే మొదటిసారి.

వాటిలో నేను వదిలినదాని సంతానం ఉందో లేదో ఎవరూ చెప్పలేరు. ఆయన నన్ను ఏమీ అనలేదు. టీ ఇప్పించి పంపారు. 2012 సంగతి ఆయనకు చెప్పే ధైర్యం ఆ రోజు నాకు లేకపోయింది. ఇప్పుడు మీ పత్రిక ద్వారా చెబుతున్నాను.

సక్కర్ చేప సొంత ఊరు దక్షిణ అమెరికా. అమెజాన్, ఒరినోకో నదుల్లో దాన్ని తినే జీవులున్నాయి, అక్కడ దాని సంఖ్య అదుపులో ఉంటుంది. మన దగ్గర ఆ పలకల్నీ ముళ్లనీ దాటి దాన్ని తినేవి ఏమున్నాయి? నీళ్ల అడుగున ఉండే నాచునీ, ఇతర చేపల గుడ్లనీ తినేస్తుంది. మట్టి గట్లలో చేయి పట్టేంత బొరియ తవ్వి అందులో గుడ్లు పెడుతుంది, మగది కాపలా కాస్తుంది. చెరువు గట్టుకు, కాలువ గట్టుకు బొరియ అంటే ఏమిటో మన రైతులకు నేను చెప్పనక్కర్లేదు. హైదరాబాదులోని జీవకణ పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీటి నమూనాలో దొరికే డీఎన్‌ఏ ఆధారంగా ఈ చేప జాడ పట్టే పద్ధతిని తయారు చేశారు. తూర్పు కనుమల్లోని దాదాపు 60 శాతం నీటి వనరుల్లో ఇది వ్యాపించిందని 2023లో చెప్పారు. ఇది ఎవరూ వ్యవసాయం కోసం తెచ్చిన చేప కాదు. ఇళ్లలో అద్దాల తొట్ల కోసం వచ్చి, అక్కడి నుంచి బయటపడిన చేప.

గుర్రపుడెక్క సంగతి గుర్తు చేసుకోండి. అదీ దక్షిణ అమెరికా నుంచి, ఊదారంగు పువ్వు అందంగా ఉందని తెచ్చుకున్న మొక్కే. ఈ రోజు దాన్ని చెరువుల నుంచి తీయించలేక పంచాయతీలు అలసిపోతున్నాయి.

ఇక కేసీ కాలువ. సుంకేసుల దగ్గర తుంగభద్ర నీళ్లు అందుకుని, మన ఊరు దాటి, నంద్యాల మీదుగా కడప దాకా పోతుంది. 1863లో మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ తవ్వడం మొదలుపెట్టిన కాలువ అది, అప్పట్లో పడవలు కూడా నడిచేవి. కర్నూలు వంతెన మీద వదిలిన చేప కర్నూలులో ఆగదు. దారిలో ఎన్ని చెరువులు నిండుతాయో, ఎన్ని పిల్లకాలువలు చీలతాయో అన్నిటిలోకీ దానికి దారి ఉంది. "ఒక్క చేపే కదా" అని నేను అనుకున్నాను. ఆ ఏడాది మా ఊళ్లో నాలాగా ఎంతమంది అనుకున్నారో. పైగా చేప ఒక్కటే పోదు, తొట్టిలోని తెల్లమచ్చ తెగులు, రెక్కకుళ్లు, కంటికి కనిపించని పురుగులు దానితోపాటు పోతాయి.

వదిలేవాళ్లను తిట్టి ప్రయోజనం లేదు. కొనేటప్పుడే ఎవరూ ఏమీ చెప్పడం లేదు, గొడవంతా అక్కడ మొదలవుతోంది. నిరుడు ఊళ్లో ఒక పుట్టినరోజు వేడుకలో వచ్చిన పిల్లలందరికీ తలా ఒక గాజు గిన్నె, అందులో ఒక గోల్డ్‌ఫిష్ కానుకగా ఇచ్చారు. వారం తిరక్కుండా తొమ్మిది మంది తల్లిదండ్రులు నా దుకాణానికి వచ్చారు. అందరిదీ ఒకటే ప్రశ్న: మేత వేస్తూనే ఉన్నాం, నీళ్లు రోజూ మారుస్తూనే ఉన్నాం, ఎందుకు చచ్చిపోయింది? ఒక బాబు చచ్చిన చేపను కాగితంలో చుట్టి తెచ్చాడు, నేను బాగుచేస్తానని. ఆ రోజు నేను మరో పని చేయలేకపోయాను.

ఆ తల్లిదండ్రులకు చెప్పిందే ఇక్కడా చెబుతాను. మనం పెంచవలసింది ముందు నీళ్లను. చేప మొప్పల నుంచి, మలం నుంచి, మిగిలిపోయిన మేత నుంచి అమ్మోనియా పుడుతుంది. అది చేపకు విషం. నీళ్లు తేటగానే ఉంటాయి, వాసన రాదు, చేప మాత్రం మొప్పలు కాలిపోయి పైకి వచ్చి నోరు తెరుస్తుంది. పాత తొట్టిలో ఈ విషాన్ని విరిచే సూక్ష్మజీవులు ఫిల్టరు స్పాంజిలో, అడుగు గులకరాళ్ల మీద కాపురం ఉంటాయి. ఒక రకం అమ్మోనియాను నైట్రైటుగా మారుస్తుంది, అదీ విషమే. మరో రకం దాన్ని నైట్రేటుగా మారుస్తుంది, అది తక్కువ మోతాదులో చేపకు హాని చేయదు. ఈ సూక్ష్మజీవులు స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఈ రోజు తొట్టి కొని ఈ రోజే పది చేపలు వేస్తే అవి బతకడం చాలా కష్టం. ఖాళీ తొట్టిలో నీళ్లు నింపి, ఫిల్టరు నడిపిస్తూ, రోజూ చిటికెడు మేత వేసి నెల రోజులు ఆగాలి. లేదా చేపలు పెంచే స్నేహితుడి దగ్గర వాడిన స్పాంజి ముక్క ఒకటి అడిగి తెచ్చుకోవాలి. నేను ఎంతమందికి ఇచ్చానో లెక్కలేదు, అడిగితే ఎవరూ కాదనరు.

ఆ స్పాంజిని కుళాయి కింద పెట్టి తళతళలాడేలా కడుగుతారు. దయచేసి కడగకండి. కుళాయి నీళ్లలోని క్లోరిన్‌కు ఆ కాపురం దెబ్బతింటుంది. తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే రెండుసార్లు పిండితే చాలు. నీళ్లు కూడా రోజూ మొత్తం మార్చనక్కర్లేదు. వారానికి నాలుగో వంతు తీసి, ముందు రోజు పట్టి ఉంచిన నీళ్లు పోయండి. తీసిన నీళ్లు కుండీలకు పోస్తే మొక్కలకు బలం. మా మల్లె తీగ ఆ నీళ్లతోనే మేడ అంతా పాకింది.

గోల్డ్‌ఫిష్ అయితే గిన్నెలో అసలే వద్దు. సరిగా చూసుకుంటే పదేళ్లు దాటి బతుకుతుంది, జానెడు దాకా పెరుగుతుంది, చాలా మలం వేస్తుంది. దానికి గిన్నె ఇవ్వడమంటే మనిషిని బీరువాలో ఉంచడం. నాచు తినడానికని సక్కర్‌ను కొనడం కూడా ఆపండి. తొట్టికి ఎండ తగలకుండా జరిపి, దీపం రోజుకు ఎనిమిది గంటలకు మించకుండా వెలిగిస్తే నాచు సగానికి తగ్గుతుంది. మిగిలింది పాత ఏటీఎం కార్డుతో గీకితే ఐదు నిమిషాల పని.

ఇన్ని వద్దులు చెబుతున్నానని చేపల పెంపకమే వద్దంటున్నానని అనుకోవద్దు. ఇంట్లో చేపలు పిల్లలు పెట్టడం ఒక్కసారి చూసినవాళ్లు ఆ చేపను కాలువలో వదలలేరని నా నమ్మకం. ఫైటర్ చేపల సంగతే చెబుతాను. మగ ఫైటర్‌ను జానెడు లోతు కూడా లేని నీళ్ల టబ్బులో ఉంచి, పెరట్లో రాలిన ఎండు బాదం ఆకు ఒకటి వేస్తాను. నీళ్లు టీ రంగులోకి వస్తాయి. పక్కనే గాజు సీసాలో ఆడదాన్ని నిలబెడతాను. మగది దాన్ని చూస్తూ చూస్తూ ఆకు కింద బుడగలు ఊదడం మొదలుపెడుతుంది. నోటి జిగురుతో ఒక్కో బుడగా పేర్చి, ఒకటి రెండు రోజుల్లో అరచేయంత నురగ గూడు కడుతుంది. అప్పుడు ఆడదాన్ని వదులుతాను. మగది దాన్ని తన ఒంటితో చుట్టేస్తుంది. రెండూ కాసేపు కదలిక లేకుండా ఉండిపోతాయి, తెల్లటి గుడ్లు ఆవగింజల్లా కిందికి రాలతాయి. మగది వెంటనే తేరుకుని కిందికి దూసుకుపోయి, ఒక్కో గుడ్డును నోటితో అందుకుని, పైకి తెచ్చి బుడగల్లో పెడుతుంది. మళ్లీ కిందికి. మళ్లీ పైకి. గంటల తరబడి అదే పని.

అదయ్యాక ఆడదాన్ని తీసేయాలి, లేకపోతే మగది కొట్టి చంపేస్తుంది. ఒకటిన్నర రోజుకు పిల్లలు పొదుగుతాయి. గడియారాల పని కోసం కంటికి పెట్టుకునే భూతద్దంతో నేను ఆ గూడును చూస్తుంటాను. ఒక్కో బుడగ కింద సన్నటి తోక, వెంట్రుక మందం కూడా ఉండదు, వేలాడుతూ వణుకుతుంటుంది. పట్టు తప్పి ఒకటి కిందికి జారుతుంది. అది అడుగుకు చేరకముందే తండ్రి దాన్ని నోట్లోకి తీసుకుని, తెచ్చి మళ్లీ గూట్లో ఉమ్ముతుంది. అప్పటికి ఆ తండ్రి మేత ముట్టి రెండు రోజులు. చేతి గడియారంలో సెకను ముల్లు ఎంత నిక్కచ్చిగా కదిలినా నాకు అంత ఆశ్చర్యం ఎప్పుడూ కలగలేదు. పిల్లలు అడ్డంగా ఈదడం మొదలుపెట్టగానే తండ్రిని కూడా తీసేయాలి. ఆ తర్వాత తండ్రి పని మనది. క్యాబేజీ ఆకు నానబెట్టి ఎండలో పెట్టిన నీళ్లలో పుట్టే సూక్ష్మజీవులు మొదటి వారం మేత, తర్వాత ఉప్పునీళ్లలో ఒక రోజులో పొదిగే ఆర్టీమియా అనే చిన్న రొయ్యజాతి పిల్లలు. గాలి పీల్చే అవయవం మూడు నాలుగు వారాలకు ఏర్పడుతుంది, అప్పటిదాకా టబ్బు మీద మూత తీసి ఉంచకూడదు. నా మనవరాలు ఆ మూత మీద "తీయొద్దు" అని రాసి అంటించింది.

మన జిల్లాలో అమ్మే రంగుచేపల్లో ఎక్కువ భాగం చెన్నై కొళత్తూరు నుంచి ఆక్సిజన్ నింపిన సంచుల్లో రాత్రి బస్సుల్లో వస్తాయి. ప్రయాణం దెబ్బ ఒకటి, అక్కడి నీళ్లకూ లవణాలు ఎక్కువున్న మన గట్టి నీళ్లకూ తేడా ఒకటి, రెండూ కలిసి చాలా చేపలు వారంలో పోతాయి. మన నీళ్లలోనే పుట్టి, మన వేసవిని తట్టుకున్న చేపలు ఇక్కడే తయారు కావచ్చు. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో ఇంటి పెరట్లో రంగుచేపల పెంపకానికి 3 లక్షల రూపాయలు ఖర్చయ్యే యూనిట్ పెట్టారు, ఆ ఖర్చులో మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు 60 శాతం, మిగతావారికి 40 శాతం రాయితీ. మా వీధిలో ఈ మాట విన్నవాళ్లు ఇద్దరు కూడా లేరు. జిల్లా మత్స్యశాఖ అధికారులు మహిళా సంఘాల సమావేశాల్లో ఒక్క పూట దీని గురించి చెప్పాలని కోరుతున్నాను. ఆ పూటే, సక్కర్‌ను ఎందుకు పెంచకూడదో కూడా చెప్పాలి.

నగరపాలక సంస్థకు నా విన్నపం, కాలువ వంతెనల మీద, హంద్రీ, తుంగభద్ర ఘాట్ల దగ్గర "ఇంటి చేపలను ఇక్కడ వదలకండి" అని బోర్డులు పెట్టించమని. బొమ్మతో పెట్టిస్తే చదవని పిల్లలకూ అర్థమవుతుంది. రంగుచేపల దుకాణదారులకు ఇంకో విన్నపం. మీరు నా మిత్రులు, మీ బేరం చెడగొట్టాలని నాకు లేదు. పెరిగిన చేపను తిరిగి తీసుకుంటామని ఒక మాట, దానికి ఒక టబ్బు. అంత చాలు. తీసుకోలేకపోతే ఆ జాతిని అమ్మకండి. చేప చచ్చిపోతే కాలువలోనో మురుగులోనో వేయకుండా కుండీ మట్టిలో పూడ్చమని కొన్నవాళ్లకు చెప్పండి.

నేను చేయగలిగింది మొదలుపెట్టాను. మా పెరట్లో మేకలకు నీళ్లు పెట్టడానికి ఒకప్పుడు కట్టించిన సిమెంటు తొట్టి ఉంది, ఐదు వందల లీటర్లు పడుతుంది. దాన్ని శుభ్రం చేయించి, ఎండ పడకుండా పైన తడిపిన గోనెపట్టా కట్టి, పంపు పెట్టించాను. ఇప్పటికి అందులో ఐదు సక్కర్లు ఉన్నాయి. ఆదివారం పాప ఇచ్చినది వాటిలో చిన్నది. ఇంకో పది దాకా పడతాయి. ఎవరి ఇంట్లోనైనా తొట్టి దాటి పెరిగిన చేప ఉంటే, ఏ జాతిదైనా సరే, వంతెన మీదికి తీసుకువెళ్లకుండా నాకు తెచ్చి ఇవ్వండి. రూపాయి అడగను. నా చిరునామా మీ కార్యాలయంలో ఇచ్చి ఉంచుతున్నాను. అడిగినవారికి దయచేసి చెప్పండి. ఉదయం తొమ్మిది లోపు ఇంట్లో ఉంటాను, ఆ తర్వాత దుకాణంలో.

ఇట్లు,
గడియారాల మరమ్మతుదారు,
పాతబస్తీ, కర్నూలు